ఏడో అంకణం బరువు

నమోదు 212

లెక్కల గది దినచర్య పుస్తకంలో అంకెలే రాయాలి, మాటలు రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టిన పెద్దమనిషి ఇవాళ ఏడో అంకణంలో నిలబడి ఉంటే తెలిసేది. నా పేరు వరహాలు. ఈ వంతెన మీద ఎక్కడ ఎంత బరువుంది, ఏ ఇనుము ఎంతవరకు ఓర్చుకుంటుంది అని లెక్కగట్టడం నా పని. ఇవాళ మాత్రం మాటలే రాస్తాను. ఎవడికి కోపం వస్తే వాడు వచ్చి అడగనీ.

పొద్దున్నే దాలినాయుడు తన కాపలా మూకని వెంటేసుకుని ఏడో అంకణం మీద పడ్డాడు. వీధి మధ్యలో తూకపు బల్ల వేయించాడు. మనుషుల్ని, మంచాల్ని, నీళ్ళ డ్రమ్ముల్ని, చేపలారబెట్టే తడికల్ని వరసగా ఎక్కించి తూచడం, ఎక్కువనిపించిన వస్తువుని సముద్రంలోకి తోసెయ్యడం. గవరయ్య అనే ముసలాయన తన తిరగలిని పొట్టకి అదుముకుని కూర్చున్నాడు.

"ఇది మాయమ్మది బాబూ. దీన్నొగ్గీయండి, బదులుగా మంచం పట్టుకుపోండి," అన్నాడు.

"అమ్మదేటి? అయితే అమ్మకాడికే ఎల్లు," అని దాలినాయుడు కాలెత్తి గుండెల మీద తన్నాడు.

తిరగలీ ముసలాయనా కలిసే పడ్డారు. ఆటు వేళ నీళ్ళు చాలా కిందన ఉంటాయి. గవరయ్య పెళ్ళాం కేక పెట్టిన తర్వాత గాని కింద చప్పుడు వినపడలేదు.

నా చెల్లెలు అసిరి అక్కడే ఉంది. అది ఏడో అంకణం కోడలు. మొగుణ్ణి కిందటి తుఫాను మింగేస్తే ఒక్కత్తే వేట చేసుకుని బతుకుతోంది. అది ఊరుకునే రకం కాదు. ఎగిరి దాలినాయుడి మణికట్టు పట్టుకుని కొరికేసింది. వాడు బల్లెం కర్రతో దాని మొహం మీద కొట్టాడు. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. నేను అడ్డం పడితే వాడు నవ్వాడు.

"లెక్కలమ్మా, ఈ వంపెంతో రాసిందెవులు? నువ్వే గదా. మరిప్పుడు ఏడుపేటి?"

నిజమే. రాసింది నేనే. తీరమంతా మునిగిపోయాక, ఎక్కడికీ చేరకుండా సముద్రం మధ్యలో ఆగిపోయిన ఈ వంతెన మీదే మా తాతలు కాపురం పెట్టారు. స్తంభాల మీద వరసగా మొత్తం ఏడు అంకణాలు. ఏడోది చివరిది, గాలిలోకి పొడుచుకుని ఆగిపోతుంది. ఆ చివర కొన్నాళ్ళుగా కిందికి వంగుతోంది. పోటు పెద్దదైతే ఆఖరి వరస ఇళ్ళ కింద అలలు తగులుతున్నాయి. నేను కొలిచి వంపెంతో రాశాను. ఏడో అంకణం వాళ్ళు తూకం చెప్పకుండా పిల్లల్ని కంటున్నారనీ, బరువు దాస్తున్నారనీ దాని పక్కన రాసుకున్నది వంతెన మీద పెత్తనం చేసే పెద్దబుగత.

నమోదు 213

ఇంత పారబోశారు గదా, వంపు తగ్గిందా అని మళ్ళీ కొలిచాను. తగ్గలేదు. పెరిగింది.

పెద్దబుగత ఆరో అంకణంలో తన మండువాలో సభ చేశాడు. ఆరులో ఉండేవాళ్ళంతా బుగతలూ వాళ్ళ చుట్టాలే. తూర్పు స్తంభానికి ఇటు ఆరు, అటు ఏడు. రెండూ ఆ ఒక్క స్తంభం మీదే నిలబడ్డాయి. కాని పెత్తనమంతా ఇటు, పేదరికమంతా అటు.

"ఏడుని కోసేద్దాం. వచ్చే పెద్ద పోటులోగా," అన్నాడాయన. కూరగాయలు కోద్దామన్నంత తేలిగ్గా అన్నాడు.

"మనుషులుంటారు బాబూ అందులో," అన్నాను.

"మిగతా అంకణాలకి పంచుతాం. పట్టినంతమందిని."

"పట్టనివాళ్ళనో?"

దాలినాయుడు కట్టు కట్టుకున్న చెయ్యి చూసుకుంటూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బరువు తీసేస్తే వంపు తగ్గాల. తీసేసినా పెరిగిందంటే రోగం బరువులో లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏడో అంకణాన్నంటారేటి?"

"అంటే ఇంకా దాచారన్నమాట," అన్నాడు బుగత. అందరూ తలలూపారు. పిచ్చి ముదిరింది, తలకి రోకలి చుట్టమన్నట్టుంది వీళ్ళ వ్యవహారం.

లెక్కల గదిలోని లెక్కయంత్రం ఏం చెప్పిందని బుగత చివర్లో అడిగాడు. అదే చెప్పాను. ఏడు కోస్తే ఆరుకి ఏమీ కాదని యంత్రం చెబుతోంది. తూర్పు స్తంభం ఒంటిచేత్తో ఆరుని మోస్తుందట. అది చెప్పిన నా నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

నమోదు 214

యంత్రం అబద్ధం చెప్పదు, మనం చెప్పిన దాన్ని నమ్ముతుంది అంతే. వంతెన మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసుకుని, ప్రతి ముక్కా పక్క ముక్కని ఎంత లాగుతోంది, ఎంత నొక్కుతోంది అని కోట్ల సమీకరణాలు కట్టి విప్పుతుంది. కాని అన్నిటికంటే ముందు దానికొక మాట చెప్పాలి. ఈ వంతెనని కింద ఎవరు పట్టుకున్నారు, ఎంత గట్టిగా పట్టుకున్నారు? అది చెప్పకపోతే ఒక్క లెక్కా తేలదు.

మేం చెప్పే మొదటి మాట తాతల నాటిది. "తూర్పు స్తంభం కదలదు, తిరగదు." పెళ్ళిళ్ళలో కొత్త దంపతులు ఆ స్తంభానికి పసుపు రాసి, దానిలా ఉంటామని ఒట్టేస్తారు. పురుడొచ్చిన పిల్లని దానికి తాకించి గాని తూకం వెయ్యరు. ఆ మాట లెక్కలోంచి తీసెయ్యాలని ఎవరికైనా ఎలా తోస్తుంది? నాకూ ఇన్నాళ్ళూ తోచలేదు.

ఇవాళ తీసేశాను. స్తంభం పాదం దగ్గర ఏం జరుగుతోందో తెలియదు, నువ్వే చెప్పు అని యంత్రాన్ని తిరగేసి అడిగాను. వంపులిస్తాను, కారణం చెప్పు అని. తిరగేసిన లెక్కతో చిక్కేమిటంటే అది ఒక జవాబుతో ఊరుకోదు. రెండు చెప్పింది. పాదం గట్టిగా ఉండి ఏడులో బరువు విపరీతంగా పెరిగి ఉండాలి. లేదా బరువు అంతే ఉండి, పాదం కింద నేల కొట్టుకుపోయి స్తంభమే తూర్పుకి ఒరుగుతూ ఉండాలి. ఏడో అంకణం వంపు రెండిట్లోనూ ఒకటే.

తేడా ఒక్కచోటే కనిపిస్తుంది. స్తంభం ఒరిగితే ఏడు కిందికి దిగినంత లెక్కన ఆరు పైకి లేవాలి. స్తంభం గట్టిదైతే ఆరు కదలదు.

ఆరు కొలతల కోసం వెతికాను. ఒక్కటి కూడా లేదు. వంతెన పుట్టాక ఆరో అంకణంలో ఎవరూ కొలబద్ద పెట్టలేదు. బుగతలుండే చోటు కదా, వాళ్ళింటి ముందు మట్టం వేసి మీ ఇల్లు వంకర అని చెప్పే మొనగాడెవడు? పేదోళ్ళ అంకణాన్నే కొలిచాం, పేదోళ్ళ అంకణంలోనే తప్పు దొరికింది. ఛీ.

నమోదు 215

తాపీవాళ్ళు మట్టానికి వాడే నీళ్ళ గొట్టం సంచిలో పెట్టుకుని ఆరుకి వెళ్ళాను. వీధిలో పిల్లలు గోళీలాడుతున్నారు. ఎవడు ఎటు విసిరినా గోళీలన్నీ తూర్పుకే దొర్లుతున్నాయి. వాళ్ళు ఆ ఏటవాలుకి తగ్గట్టు ఆటకి కొత్త నియమాలు కూడా పెట్టేసుకున్నారు. పెద్దవాళ్ళకి మాత్రం పట్టలేదు.

గొట్టం పరిచి రెండు చివర్లలో నీళ్ళు చూశాను. ఆరు పడమటి చివర పైకి లేచింది. యంత్రం చెప్పిన రెండో జవాబుకి సరిగ్గా సరిపోయింది.

దాలినాయుడు వచ్చి చూశాడు.

"ఆరులో కొలతేటి నీకు? ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. తప్పుకో."

వాడు గొట్టం లాక్కుని తొక్కి పగలగొట్టాడు. మళ్ళీ లాక్కోబోతే నా ఎడమ చేతి చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. గోళీలాడుతున్న పిల్లలు ఆట ఆపి చూశారు. నేను ఏడవలేదు, బూతులు తిట్టాను. ఆ బూతులు విని ఒక పిల్లాడు ఫక్కుమన్నాడు.

నమోదు 216

విరిగిన వేలికి గుడ్డ చుట్టుకుని తిన్నగా పెద్దబుగత ముందుకెళ్ళి నిలబడ్డాను.

"కావడి ఎప్పుడైనా మోసినారా బాబూ?"

"లేదు. మోసేవాణ్ణి చూశాను."

"కావడికి రెండు కుండలు. ఒక దాన్ని కోసేస్తే మోసేవాడు భుజం గట్టిగా బిగించి రెండోదాన్ని ఆపగలడు. బలమున్నోడైతేనే. మన స్తంభం ఆ మోసేవాడు. ఆరు ఒక కుండ, ఏడు ఒక కుండ. వాడి కాళ్ళ కింద ఇసక కొట్టుకుపోయింది బాబూ. నిలబడ్డాడంటే రెండు కుండలూ ఉండబట్టే. ఏడుని కోసిన మరుక్షణం మీ ఆరు పడమటికి తిరగబడి నీళ్ళలో ఉంటది. మీ మండువాతో సహా."

బుగత మొండివాడే గాని మూర్ఖుడు కాదు. లేచి, నీళ్ళు నిండుగా ఉన్న పళ్ళెం నేల మీద పెట్టి, అది ఏ అంచున పొర్లిందో చూశాడు. తూర్పు అంచునే పొర్లింది.

"కోత ఆపండి," అన్నాడు దాలినాయుడితో.

ఏడుకి పరిగెత్తాను. అసిరిని వాటేసుకుని ఏడ్చాను. అది నా వేలు చూసి తిట్టి, ఎండు నెత్తళ్ళు కాల్చి అంబలిలో నంజుకోమని పెట్టింది. "మా అప్ప లెక్కకి ఏడో అంకణం బతికింది," అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. గవరయ్య పెళ్ళాం వచ్చి నా తల నిమిరింది. ఇంత సంతోషం ఈమధ్య ఎరగను.

నమోదు 219

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆరుకీ ఏడుకీ మధ్య బుగత తలుపు పెట్టించాడు. మందపాటి పలకల తలుపు, గడియ ఆరు వైపున. ఏడు నుంచి ఇక మనిషి గాని, వస్తువు గాని బయటికి రాకూడదు. ఏడు ఉండబట్టే ఆరు నిలబడిందని లెక్కలమ్మే చెప్పింది కదా, కాబట్టి ఏడు తగ్గకూడదు. అదీ ఆజ్ఞ.

నిన్న ఒక జాలరి పంచన కట్టిన తాడు పట్టుకుని కిందికి దిగబోయాడు. వాళ్ళ తెప్పలు ఇప్పటికీ అంకణం కిందే వేలాడుతున్నాయి. కాపలావాడు బల్లెం విసిరాడు. తొడలో దిగింది. జాలరి తాడు మీద వేలాడుతుంటే దాలినాయుడు అరిచిన మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. "సంపకండిరా, పైకి లాగి లోపలికి ఈడ్చండి. బరువు తగ్గకూడదు!"

ఇవాళ గవరయ్య పెళ్ళాం పోయింది. మొగుడు పోయాక ముద్ద ముట్టలేదట. చాప చుట్టి సముద్రానికి ఇవ్వడానికి తెస్తే ఒప్పుకోలేదు. శవాన్ని లోపలే ఉంచమన్నారు. వరస చివర, ఎండలో, ఆ చాప అలాగే ఉంది.

నేను తలుపు సందులోంచి అసిరిని పిలిచాను. వచ్చింది. కనుబొమ మీద పుండు ఇంకా మానలేదు.

"నువ్వు సేసిన లెక్కే గదా అప్పా," అంది. "ముందర మమ్మల్ని బరువని పారీబోయినారు. ఇప్పుడు బరువని కట్టీసినారు. మడుసులమని ఎప్పుడు లెక్కెడతావు?"

అది నేల మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. నా మీద ఉమ్మినా ఊరుకునేదాన్ని.

నమోదు 220

స్తంభం పాదం కింద నేల ఇంకా కొట్టుకుపోతోంది. రోజూ యంత్రం చేత లెక్క వేయిస్తున్నాను. పెద్ద పోటుకి స్తంభం ఎలాగూ నిలవదు. కావడి మోసేవాడే పడిపోతున్నప్పుడు కుండలు సరిచూసుకుని ఏం లాభం? చెయ్యాల్సింది ఒకటే. రెండు కుండల్నీ సమానంగా ఖాళీ చెయ్యాలి. ఆరు జనం ఐదుకీ ఆరుకీ మధ్య సందు మీద పరిచిన పలకల దారిన ఐదో అంకణానికి నడవాలి. ఏడు జనం తెప్పల మీద దిగి, ఐదు నుంచి నీళ్ళలోకి దిగే నిచ్చెనకి చేరాలి. ఇటు ఒక వరస దిగితే అటు ఒక వరస. తొందరపడి ఒక వైపే ఖాళీ అయితే దిగనివాళ్ళంతా చస్తారు, రెండు వైపులా.

బుగతకి చెప్పాను.

"ఆరు వదిలిపెట్టి ఐదులో, వాళ్ళ వంటిళ్ళ పక్కన పడుకోమంటావా?" అన్నాడు. "ఏడులోకి ఇంకా జనాన్ని పంపిస్తాను. ఎదురు మాట్లాడేవాళ్ళు ప్రతి అంకణంలోనూ ఉన్నారు. బరువు సరిపోతుంది."

"పాదమే లేదంటే బరువంటారేటి బాబూ!"

"నువ్వు కూడా ఎదురు మాట్లాడేదానివే," అన్నాడు నెమ్మదిగా.

మధ్యాహ్నం తలుపు కాపలా కాసే తవుడు కూడు తినడానికి పక్కకి పోయినప్పుడు సందులోంచి అసిరితో మాట్లాడాను. అంతా చెప్పాను.

"మేం దిగిపోతే ఆరు కూలిపోద్దంటావు. అంతే గదా? కూలనీ," అంది.

"బేగి దిగితే మీలో సగంమంది పైనుండగానే కూలిపోద్దే. నెమ్మదిగా దిగాల. ఆ నెమ్మదిలో ఆరూ దిగిపోద్ది. ఆరులో గుంటలున్నారే అసిరీ, సిన్న సిన్న పిల్లలు."

"ఏడులో గుంటలు నేరేటి? మా గుంటల్ని తూకపు బల్లెక్కించినప్పుడు ఆ గుంటలు డాబాల మీంచి సూసి నవ్వినారు."

"నవ్వినారు. గుంటలు గదా."

అది తలుపుకి తల ఆనించింది. దాని ఊపిరి నాకు వినబడుతోంది.

"సరే. రేపు ఆటుకి," అంది చివరికి. "నీ లెక్క కోసం కాదు. గుంటల కోసం. సివరి తెప్పలో నానొస్తాను."

నమోదు 221

ఇది ఐదో అంకణంలో, ఎవరిదో వంటింటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆటు మొదలవగానే ఏడు జనం తెప్పల మీదకి దిగడం మొదలుపెట్టారు. తలుపు ఇవతలి కాపలావాళ్ళకి అనుమానం రాకుండా అసిరీ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ వీధిలో చేపలు దంచుతూ, పోట్లాడుకుంటూ ఊరంతా ఉన్నట్టు గోల చేస్తున్నారు. ఇటు నేను చాటింపు డప్పు మెడలో వేసుకుని ఆరు వీధిలో పడ్డాను.

"స్తంభం పడిపోతంది! గుంటల్ని పట్టుకుని ఐదుకి నడండి! పరిగెత్తొద్దు, నడండి!"

మొదట నవ్వారు. ఒక బుగతమ్మ పనిమనిషిని పంపి నన్ను అవతలికి పొమ్మంది. నాకు తిక్క పుట్టి, వాళ్ళ గుమ్మంలోని బిందె ఎత్తి వీధిలో కుమ్మరించాను. ఏడు తేలికవుతోంది కదా, నీళ్ళు పడమటికి పారాయి. నిన్నటిదాకా తూర్పుకి పారేవని పిల్లలకి తెలుసు. గోళీలాడే పిల్లలే ముందు కేకపెట్టారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పలకల దారి మీదికి జనం కదిలారు. నేను రెండేసి మందిని పంపుతూ, తోసుకున్నవాణ్ణల్లా డప్పు కర్రతో బాదాను. ఆ దారి ఇరుకు, తోసుకుంటే అక్కడే సగంమంది పోయేవారు.

బుగతకి అర్థమైపోయింది. మండువా గుమ్మంలో నిలబడి దాలినాయుణ్ణి కేకేశాడు. "ఏడు దిగిపోతోంది! అందరూ వెళ్ళండి! దిగేవాళ్ళని పైకి లాగండి, ఒక్కణ్ణి వదిలినా మీ తలలు తీయిస్తా!"

కాపలా మూక మొత్తం గొడ్డళ్ళూ బల్లేలూ పట్టుకుని తలుపు తీయించుకుని ఏడులోకి ఉరికింది. అప్పటికి ఏడు దాదాపు ఖాళీ. ఆఖరి తెప్పలు దిగుతున్నాయి. ఒక తెప్ప తాడు నరికేశారు. అందులోని వాళ్ళు పడిన చప్పుడు ఇటు దాకా వినిపించింది.

అప్పుడు చూశాను. వీధిలో నీళ్ళు ఆగాయి. పడమటికి పారుతున్నవల్లా మడుగు కట్టి నిలబడ్డాయి. దిగిపోయినవాళ్ళ బరువుకి బదులు ఇప్పుడు ఈ మూక బరువు ఏడు మీద పడింది. ఆరులో ఇంకా సగంమంది ఉన్నారు. వీళ్ళు ఒక్కసారిగా వెనక్కి ఇటు పరిగెత్తుకొస్తే అటు తగ్గి, ఇటు పెరిగి, స్తంభం పోతుంది. దాటుతున్న పిల్లలు పోతారు.

తలుపు మూసేశాను. తవుడు నా జుట్టు పట్టుకున్నాడు. "మావోళ్ళు లోనున్నారు, ఏటి సేస్తన్నావు!" అన్నాడు. కిందపడున్న గునపం తీసి వాడి తల మీద కొట్టాను. ఒక్క దెబ్బే. వాడు మళ్ళీ లేవలేదు. గడియ పెట్టి, వీపు తలుపుకి ఆనించి నిలబడ్డాను.

స్తంభం మూలగడం మొదలుపెట్టింది. ఇనుము అలా మూలుగుతుందని నాకు తెలియదు. ఏడులో ఉన్నవాళ్ళకి కాళ్ళ కింద తెలిసిపోయింది. అందరూ తలుపు మీదికి వచ్చారు. గుద్దారు, తన్నారు, బతిమాలారు.

"అప్పా!"

అసిరి గొంతు. చివరి తెప్పలో ఉండాల్సిన మనిషి.

"అసిరీ! నువ్వు దిగలేదేటే?"

"తాడు నరికీసినారు. అప్పా, ఆరు దాటిందేటి?"

చూశాను. ఇంకా లేదు. వీధి నిండా జనం, చంకల్లో పిల్లలు. ఒక ముసలమ్మని కుర్చీలో మోసుకుపోతున్నారు.

"నేదే," అన్నాను. అబద్ధం చెప్పాల్సింది.

"అయితే తియ్యకు."

"అసిరీ, నాను తీస్తాను. నిన్నొక్కదాన్నే లాక్కుంటాను."

"ఒక్కదాన్నెలగ లాగుతావు, వీళ్ళంతా నా మీదున్నారు! తియ్యకు అప్పా. నానడ్డున్నాను."

గొడ్డలి దెబ్బలు పడ్డాయి. తలుపుకి పడుతున్నాయనే అనుకున్నాను. ఒక అంచు పలక చీల్చుకుని నా చెవి పక్కగా బయటికొచ్చింది. అయినా వీపు తియ్యలేదు. దాని పేరు పిలుస్తూనే ఉన్నాను. మొదట పలికింది. తర్వాత కేక పెట్టింది. ఆ తర్వాత దెబ్బలే వినిపించాయి, మెత్తగా. అప్పటికైనా తీసి ఉండొచ్చు. వీధిలో ఇంకా పిల్లలున్నారు. తియ్యలేదు.

చివరి పిల్ల పలక దాటింది. పెద్దబుగత మాత్రం గుమ్మంలోనే పీట మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. ఆయన ఇష్టం. గడియ తీశాను.

అసిరి నా మీద పడింది. రెండు చేతులూ చాచి తలుపుకి అడ్డంగా నిలబడ్డట్టుంది, ఆ చేతులు అలాగే ఉన్నాయి. వీపు లేదు. రాయలేను. దాని పక్కన మిగతా ముగ్గురూ పడున్నారు. కాపలావాళ్ళు వాళ్ళ మీంచి, మా మీంచి తొక్కుకుంటూ పరిగెత్తారు. దాన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ పలక దాటాను. వెనక్కి తిరిగేసరికి తూర్పు స్తంభం ఒరుగుతోంది. ఆరూ ఏడూ రెండూ ఒక్కసారే పోయాయి. వెనకబడిన కాపలావాళ్ళు గాలిలో కనిపించారు. లేచిన నీళ్ళు ఇక్కడి దాకా వచ్చి అందర్నీ తడిపాయి.

నమోదు 222

పొద్దున తెప్పల వాళ్ళు ఐదు నిచ్చెన ఎక్కి వచ్చారు. అసిరిని చాప మీద పడుకోబెట్టి మొహం కడిగాను. ఆరు బుగతమ్మ ఒకావిడ వచ్చి, నా పిల్లలు నీ వల్ల బతికారమ్మా అని నా కాళ్ళు పట్టుకుంది. ఆమెని తన్నాలనిపించింది. తన్నలేదు. పిల్లలు పక్కనే ఉన్నారు.

ఏడు జనం చాప చుట్టూ నిలబడ్డారు. మగవాళ్ళ చేతుల్లో తెడ్లున్నాయి. ఇది నీళ్ళలో పడ్డ చావు కాదని అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఎవులు నరికినారు లెక్కలమ్మా?" అని అడిగారు.

దాలినాయుడు దూరంగా లేడు. ఆరు ఆడవాళ్ళ మధ్య దుప్పటి కప్పుకుని గంజి తాగుతున్నాడు. నన్ను చూసి ముంత కింద పెట్టాడు. వచ్చి నా ముందు కూర్చుని, ఎవరికీ వినపడకుండా మాట్లాడాడు. వాడి గొంతులో పొగరు లేదు.

"గడియ ఏసింది నువ్వు. సావుబయానికి తలుపు నరికినాం, అడ్డొచ్చింది. నువ్వు తీసుంటే నీ సెల్లి బతికీది. అవునా కాదా, సెప్పు."

అవును. తీసి ఉంటే బతికేదేమో. రాత్రంతా నేను వేసుకున్న లెక్క అదే. ఎన్నిసార్లు వేసినా, ఆ పిల్లల్ని ఒక పక్కన పెట్టి దీన్ని ఇంకో పక్కన పెట్టి ఎలా వేసినా, అది నా వీపు వెనకే నిలబడి ఉంటుంది, నేను తలుపు తియ్యను. వాడు చెప్పింది నిజం. ఆ నిజం నేను చచ్చేదాకా మోస్తాను.

లేచి నిలబడ్డాను. ఏడు జనం నా వైపే చూస్తున్నారు. పేరు చెబితే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు.

"దాలినాయుడు," అన్నాను.

వాడు పరిగెత్తబోయాడు. తెడ్లతో మోకాళ్ళు విరగ్గొట్టి, దుప్పటితో సహా ఎత్తి, వంతెన కటకటాల మీంచి సముద్రంలోకి విసిరేశారు. ఎవరూ అడ్డం రాలేదు. నేను వచ్చి అసిరి జుట్టు దువ్వి జడ వేశాను. చిన్నప్పుడు జడ వేస్తుంటే కదులుతూ ఉండేది, తిట్లు తినేది. ఇవాళ కదలలేదు.